మహానసమున ధూమము: వంటయింటి గాలి శుద్ధికై జరిగిన యత్నముల చరిత్ర

తర్కశాస్త్రము నభ్యసించినవారికి వంటయిల్లు చిరపరిచితమైన ఉదాహరణము. కొండపై పొగ కనబడిన చోట నిప్పు కలదని ఊహించుటకు శాస్త్రకారులు చూపిన దృష్టాంతము మహానసము, అనగా వంటయిల్లు. ఆంధ్రుడని ప్రసిద్ధి గల అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమును చేపట్టిన విద్యార్థి నేటికిని ఈ వంటయింటి గుమ్మము దాటియే అనుమానప్రకరణమున ప్రవేశించును. దృష్టాంతమునకు ఉండవలసిన గుణము వాదియు ప్రతివాదియు దానిని నిర్వివాదముగా నంగీకరించుట. వంటయింట నిప్పును పొగయు కలిసియుండుట ఎవ్వరును సందేహింపని విషయమగుటచేతనే దానికి శాస్త్రమున ఆ స్థానము లభించినది.

సర్వులు నంగీకరించిన దానిని విచారణకు తెచ్చుట అరుదు. పొగనుబట్టి నిప్పును నిరూపించిన తార్కికుడు, ఆ పొగలో కూర్చుండి వండు వ్యక్తిని గూర్చి ప్రశ్నింపలేదు. అది ఆ శాస్త్రమునకు విషయము కాదు గనుక అందులో దోషము లేదు. కాని గృహజీవన చరిత్రను వ్రాయబూనినవారు ఈ ప్రశ్నను విడిచిపెట్టుట తగదు. మన దేశమున ఇంటిలోని గాలిని చెఱచిన కారణములలో అత్యంత ప్రాచీనమైనదియు, అత్యంత వ్యాప్తి గలదియు వంటపొగయే. ఈ పొగ మొదట నిప్పునకు గుర్తుగను, పిమ్మట ఉపయోగము గల వస్తువుగను, తరువాత అసౌకర్యముగను, వంటచెఱకు దుబారాగను, చిట్టచివరకు మాత్రమే వ్యాధికారణముగను గ్రహింపబడినది. ఈ గ్రహింపు మాఱిన క్రమమును, దానితోపాటు మాఱిన చికిత్సలను పరిశీలించుట ఈ వ్యాసమున నా యుద్దేశము. పొయ్యిని మాత్రమే చూచి వండు మనిషిని చూడని ప్రతి యత్నమును కుంటుపడినదని ఈ చరిత్ర తెలుపుచున్నదని నా యభిప్రాయము.

1. పదముల సాక్ష్యము

వంటయింటి చరిత్రకు శాసనాధారములు స్వల్పము. భూదానములు, పన్నులు, విజయయాత్రలు శిలలకెక్కినవి. పొయ్యి కడ కూర్చుండినవారి దగ్గు ఏ శిలకును ఎక్కలేదు. కాని భాషయు ఒకవిధమైన శాసనమే. పొగ అను పదము ద్రావిడభాషల యుమ్మడి సొత్తు. తమిళమున పుకై, కన్నడమున హొగె దీనికి జ్ఞాతులు. ఈ మాట చుట్టును తెలుగున పెరిగిన పదజాలము వంటయింటి స్వరూపమును మనకు చూపుచున్నది.

ఇంటివంటకు పొయ్యి, పెండ్లివంటలకు నేల త్రవ్వి పొడవుగా చేసిన గాడిపొయ్యి, బొగ్గులకు కుంపటి, ఊకకును రంపపుపొట్టునకును పొట్టుపొయ్యి వేఱువేఱుగా నుండెడివి. ప్రధానమైన పొయ్యి ప్రక్కనే, అదే మంట వేడిమి సందుగుండా ప్రసరించునట్లు కట్టిన చిన్నపొయ్యి కోడిపొయ్యి. పెద్దపొయ్యిపై అన్నము ఉడుకుచుండగా దానిపై పాలో పులుసో నెమ్మదిగా కాగుచుండెడిది. ఒక్క మంటతో రెండు పాత్రలు కాచు ఈ యుపాయము ఏ ఇంజనీరును బోధింపక పూర్వమే మన యిండ్లలో నుండెనన్న సంగతి ముందు ప్రకరణములకు అవసరమగును గనుక ఇచ్చట గుర్తుంచుకొనవలెను.

ఊదుగొట్టము మఱియొక సాక్షి. తడికట్టె రాజుకొననప్పుడు వండు స్త్రీ తన ముఖమును పొయ్యినోటికి చేరువగా వంచి, ఈ గొట్టముతో ఊదును. ఊదినంత బలముగా మరల గాలి పీల్చవలెను గదా! పొగ అత్యంత దట్టముగా నున్న క్షణముననే ఆమె శ్వాసయు అత్యంత దీర్ఘముగా నుండుననుట ఈ పనిముట్టు చెప్పు సత్యము. వేడిపాత్రలను దింపు గుడ్డకు మసిగుడ్డ యని పేరు. మసియే లేని గ్యాసు వంటయిండ్లలో గూడ ఆ గుడ్డ నేటికిని మసిగుడ్డయే. వస్తువు పోయినను పదము నిలుచుటకు ఇంతకంటె చక్కని యుదాహరణము దొరకదు.

పలుకుబడులు ఇంకను లోతైన సంగతి చెప్పుచున్నవి. ఉమ్మడి కుటుంబమునుండి విడిపోవుట వేఱుకుంపటి పెట్టుట. అనగా కుటుంబమునకు కొలమానము పొయ్యియే. ఒకరిని చాటుగా బాధించి వెడలగొట్టుట పొగపెట్టుట. కలుగులోని యెలుకను ఊదరపెట్టి వెలికి తెచ్చు పద్ధతినుండి ఈ వాడుక వచ్చినది. పొగలో ప్రాణి నిలువజాలదని తెలుగువారు బాగుగా నెఱుగుదురని ఈ పలుకుబడియే రుజువు. అయినను వంటయింటిలోని మనిషి మాత్రము దినమునకు రెండు పూటలు ఆ పొగలోనే నిలువవలసివచ్చినది. తెలియకపోవుట యిందుకు కారణము కాదు. తెలిసిన సంగతి వండువారి విషయమున అన్వయింపబడలేదు.

2. పొగకు గల గౌరవము

పొగను మనవారు కేవలము శత్రువుగా నెంచలేదు. విత్తనపు కంకులను పొయ్యిమీది అటకకో, దూలమునకో వ్రేలాడదీసి పురుగు పట్టకుండ కాపాడుకొనిరి. తాటాకు, గడ్డి కప్పులను పొగయే చెదలనుండి, పురుగులనుండి కొంతవఱకు రక్షించెను. సంధ్యవేళ వేపాకు పొగ దోమలను పాఱద్రోలెను. పూజయందు ధూపము షోడశోపచారములలో నొకటి. పసిబిడ్డకు తలంటిన పిమ్మట సాంబ్రాణి పొగ వేయుట నేటికిని అనేక గృహములలో నున్న ఆచారము.

ఆయుర్వేదము పొగ నొకవైపు ఔషధముగా వాడుచు, మఱియొకవైపు దాని హానిని గుర్తించినది. సుశ్రుతసంహిత సూత్రస్థానమున అగ్నికర్మను చెప్పు సందర్భముననే పొగచేత నుపహతుడైన వాని లక్షణములు వర్ణింపబడినవి. ఆయాసము, దగ్గు, తుమ్ములు, కన్నుల మంటయు ఎఱుపును, వాసన తెలియకపోవుట అందు కలవు. ఇది నిశితమైన పరిశీలన. కాని అది అగ్నిప్రమాదము వంటి ఆకస్మికమైన హానిని గూర్చినది. ప్రతిదినము కొంచెము కొంచెముగా ఇరువది ముప్పది సంవత్సరములు పీల్చిన పొగ యేమి చేయునను ప్రశ్న వేఱు. ఒక్కనాడు మూర్ఛ తెచ్చు పొగను వైద్యుడు చూడగలడు. ఒక జీవితకాలమున ఊపిరిని క్షీణింపజేయు పొగను చూచుటకు లెక్కలు కావలెను. ఆ లెక్కలు 20వ శతాబ్దము నడుమ గాని పుట్టలేదు.

బొగ్గుల కుంపటి విషయమున ఈ భేదము మఱింత స్పష్టము. పురిటిగది తలుపులు బిగించి, బాలింతరాలి మంచముక్రింద కుంపటి నుంచుట పూర్వము పలుచోట్ల నుండిన ఆచారము. కట్టెపొగ కంటిని మండించి తన యునికిని చాటుకొనును. బాగుగా రాజిన బొగ్గులు పొగ లేనట్లే కనబడును. కాని వానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినుతో అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలముతో కలియును. గాలి చొఱని గదిలో అది నిద్రలోనే ప్రాణము తీయగలదు. ధూమము లేకున్నను వహ్ని యుండవచ్చునని తార్కికులే కాలిన ఇనుపగుండును ఉదాహరించి చెప్పిరి. ధూమము కనబడకున్నను విషముండవచ్చునని కుంపటి చెప్పుచున్నది.

3. ఇంటి కప్పు మాఱినప్పుడు

పొయ్యి యెంతటిదో పైకప్పు నంతటిది. పూరియింటి కప్పు పొగను పట్టి యుంచి, మెల్లమెల్లగా పైకి వదలును. తూర్పుతీరపు చుట్టిండ్లలోను, సామాన్యుల తాటాకు ఇండ్లలోను వేఱుగా పొగగూడు లేకున్నను కప్పే కొంతవఱకు ఆ పని చేసినది. గోదావరి మండలములందలి మండువా లోగిళ్లలో ఇంటి నడుమ ఆకాశమునకు తెఱచియున్న భాగము వెలుతురును, గాలిని లోనికి తెచ్చెను. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరున పెంకుల కర్మాగారమును స్థాపించిన పిమ్మట యంత్రముపై చేసిన పెంకులు దక్షిణదేశమున వ్యాపించినవి. ఆ పెంకుల సందులును పొగకు దారి యిచ్చినవి.

సిమెంటు కప్పు వచ్చినతోడనే ఈ దారులు మూతపడినవి. డాబాయిల్లు అగ్నిభయమును, వానభయమును తొలగించెను. సంపదకు చిహ్నమయ్యెను. కాని కట్టెపొయ్యి మాఱకుండ కప్పు మాత్రమే మాఱిన యింట, పొగ పోవుటకు తలుపును, కిటికీయును తప్ప మార్గము లేకపోయెను. ఒకే పొయ్యి, ఒకే కట్టె, ఒకే వంట. అయినను లోని గాలి వేఱు. గృహము అభివృద్ధి చెందినకొలది గాలియు శుద్ధమగునను సామాన్యభావము సరికాదని దీనివలన తెలియుచున్నది.

4. గాలిని కొలుచుట

ఇంటిగాలిని కంటితోను ముక్కుతోను గాక సంఖ్యతో నిర్ణయించు పద్ధతి ఐరోపాఖండమున నారంభమైనది. మన దేశమున తరువాత జరిగిన పరిశోధనలకు అదియే పునాది గనుక దాని నిచ్చట స్మరింపవలెను. జర్మను శాస్త్రజ్ఞుడు మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ 1858లో మ్యూనిక్ నగరమున నివాసగృహములందలి వాయుప్రసారమును గూర్చి గ్రంథము ప్రకటించెను. మనుష్యులు విడుచు బొగ్గుపులుసు గాలిని కొలమానముగా గ్రహించి, అది వేయింట ఒక పాలు మించిన గది నివాసయోగ్యము కాదని ఆయన నిర్ణయించెను. ఆ వాయువే విషమని కాదు. దాని పరిమాణము గదిలోని తక్కిన మాలిన్యమునకు సూచిక యని ఆయన భావము. ఇదియు ఒక యనుమానమే. ఇందు ధూమస్థానమున బొగ్గుపులుసు గాలి నిలిచినది.

పెట్టెన్‌కోఫర్ చెప్పిన రెండవ సంగతి ఇంకను విలువైనది. గదిలో పెంటకుప్ప యున్నచో కిటికీలు తెఱచుట చికిత్స కాదు, కుప్పను తొలగించుటయే చికిత్స యని ఆయన వాదించెను. వాయుప్రసారము మనుష్యుల యూపిరివలన తప్పనిసరిగా కలుగు మాలిన్యమునకే గాని, తొలగింపదగిన మాలిన్యమునకు కాదు. మఱుసటి సంవత్సరము, 1859లో, ఫ్లారెన్సు నైటింగేలు రోగిశుశ్రూషను గూర్చి వ్రాసిన గ్రంథమున రోగి పీల్చు లోనిగాలి వెలుపలి గాలివలె శుద్ధముగా నుండవలెననుటను ప్రథమనియమముగా నిలిపెను. ఈ యిరువురి భావములు ఆసుపత్రులను, పాఠశాలలను, సైనికనివాసములను మార్చినవి. మన పల్లెల వంటయిండ్లకు వీనిని అన్వయించుటకు మాత్రము చాలకాలము పట్టినది.

5. వార్ధా, హైదరాబాదు

పొయ్యిని సంస్కరింపవలెనను యత్నము మన దేశమున గ్రామపునర్నిర్మాణోద్యమముతో ముడివడియున్నది. 1934లో స్థాపింపబడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము జె. సి. కుమారప్ప కార్యదర్శిత్వమున వార్ధాలోని మగన్‌వాడి కేంద్రముగా పనిచేసెను. అచ్చటనే 1940 తరువాతి దశకమున రూపొందిన మట్టిపొయ్యికి మగన్ చుల్హా యను పేరు వచ్చినది. గాంధీమహాత్ముని బంధువును, సహచరుడును అగు మగన్‌లాల్ గాంధీ పేర ఆ స్థలము వెలసినది. పొయ్యికి పొగగొట్టము అమర్చి, ఒక్క మంటతో పలుపాత్రలు కాచుట దాని లక్షణము.

ఈ చరిత్రలో హైదరాబాదునకు గల స్థానము తెలుగు పాఠకులలో తగినంత ప్రచారము పొందలేదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజు కోట్లాది జనులకు పొగలేని వంటయిండ్లు అను అర్థమిచ్చు పేరుతో ఒక చిన్న ఆంగ్లగ్రంథమును 1953లో ప్రకటించెను. అప్పటికి హైదరాబాదు ప్రత్యేకరాష్ట్రము. మట్టితోనే, తక్కువ వెచ్చముతో, గ్రామస్థులు స్వయముగా కట్టుకొనదగిన పొగగొట్టపు పొయ్యిని ఆయన వివరించెను. కోడిపొయ్యి సూత్రము ఇందు విస్తరింపబడినదని మనము గుర్తింపవచ్చును. మంట ఒక్కటియే. దాని వేడిమి ఒక పాత్రనుండి మఱొక పాత్రకు సాగి, తుదకు పొగ గొట్టముద్వారా కప్పు దాటి పోవును.

ఆ గ్రంథమున నన్ను మిక్కిలి ఆకర్షించిన యంశము పొయ్యి నిర్మాణము కాదు, దాని ప్రయోజనమును చెప్పిన తీరు. వండు స్త్రీకి ఐదు విముక్తులు కలుగవలెనని రాజు లక్ష్యముగా పెట్టుకొనెను. అవి పొగనుండి, మసినుండి, సెగనుండి, దుబారానుండి, అగ్నిభయమునుండి విముక్తులు. స్వాతంత్ర్యము వచ్చి ఆఱేండ్లు గడచిన కాలమున స్వాతంత్ర్యమను భావమును వంటయింటిలోనికి తెచ్చిన రచన యిది. లెక్కింపవలసినది పొయ్యిలను కాదు, విముక్తి పొందిన వ్యక్తులననుట దీని తాత్పర్యము. తరువాతి పథకములు ఈ తాత్పర్యమును నిలుపుకొనలేకపోయినవి.

6. వైద్యుల సాక్ష్యము

పొగ వ్యాధికారణమని నిర్ధారించు బాట 1959లో ఢిల్లీలో పడినది. హృద్రోగనిపుణురాలు డాక్టరు ఎస్. పద్మావతి, ఎస్. ఎన్. పాఠక్ అనువారు దీర్ఘకాలిక శ్వాసకోశవ్యాధివలన గుండె కుడిభాగమునకు కలుగు రోగమును గూర్చి ఒక పరిశోధనపత్రమును అమెరికా వైద్యపత్రికలో ప్రకటించిరి. పాశ్చాత్యదేశములలో ఆ రోగము ముఖ్యముగా పురుషులది. పొగాకు దానికి ప్రసిద్ధకారణము. ఢిల్లీ రోగులలో స్త్రీలును పురుషులతో సమానముగా కనబడిరి. వారిలో పొగత్రాగువారు మిక్కిలి తక్కువ. పైగా వారికి ఆ రోగము పురుషులకంటె చిన్న వయసుననే సంక్రమించినది. పొగాకుపొగ లేనిచోట పొగాకువ్యాధి వంటిది కనబడుటచే, వేఱొక పొగను వెదకవలసివచ్చినది. ఆ పొగ పొయ్యిది. తర్కశాస్త్రమున పొగనుబట్టి నిప్పు నూహించినట్లు, ఇచ్చట వ్యాధినిబట్టి పొగ నూహించిరి. అనుమానక్రమము తలక్రిందులైనది. మహానసములోని మనిషి మొదటిసారి శాస్త్రమునకు విషయమైనది.

ఆ యూహకు కొలత తోడైనది 1983లో. కిర్క్ స్మిత్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును, భారతీయులైన సహపరిశోధకులును వంట చేయుచున్న స్త్రీలు పీల్చు గాలినే నాలుగు భారతీయ గ్రామములలో కొలిచిరి. వంటవేళ గాలిలోని ధూళి ఘనమీటరునకు సగటున 7 మిల్లీగ్రాములకు సమీపముగా నుండెను. గదిగాలిని గాక వ్యక్తి పీల్చు గాలిని కొలుచుట ఇందలి విశేషము. ఒక యింట నున్నవారందఱును ఒక గాలినే పీల్చరను సంగతి అప్పుడు అంకెలలో కనబడినది.

తెలుగునేలపై జరిగిన కొలతయు కలదు. కల్పనా బాలకృష్ణన్, ఆమె సహచరులు నిజామాబాదు, రంగారెడ్డి, వరంగల్లు జిల్లాలలో సుమారు 420 గ్రామీణ గృహములను పరిశీలించి 2004లో ఫలితములు వెల్లడించిరి. ఆ జిల్లాలు నాడు ఉమ్మడి ఆంధ్రప్రదేశమునవి, 2014 తరువాత తెలంగాణమునవి. శ్వాసకోశమున చొఱబడగల ధూళి గ్యాసు వాడు ఇండ్లలో దినసగటున ఘనమీటరునకు 73 మైక్రోగ్రాములుండగా, కట్టెలు, పిడకల వంటి ఘనేంధనములు వాడు ఇండ్లలో 732 వఱకు నుండెను. అనగా పదిరెట్లు. అట్టి యిండ్లలోను వండు స్త్రీలు పీల్చినది ఎక్కువ. ప్రపంచారోగ్యసంస్థ 2021లో 2.5 మైక్రానులకు లోబడిన ధూళికి విధించిన దినసగటు పరిమితి 15 మైక్రోగ్రాములు. కొలత పద్ధతులు సరిగా నొకటి కాకున్నను, అంతరమెంతటిదో గ్రహించుటకు ఈ పోలిక చాలును. ఇంటిలోని పొగవలన 2020లో ప్రపంచమున 32 లక్షల మంది మరణించిరని ఆ సంస్థ యంచనా.

7. పొయ్యిల లెక్క

1983లో భారతప్రభుత్వము మెఱుగైన పొయ్యిల జాతీయకార్యక్రమము నారంభించి 2002 వఱకు నడిపెను. మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేయబడినవి. దాని మూలప్రేరణలో వంటచెఱకు పొదుపు, అడవుల రక్షణ ప్రధానములు. స్త్రీల యూపిరి వాని వెనుక నిలిచినది. నిలిపిన పొయ్యిల సంఖ్య నివేదికల కెక్కెను. అవి మఱుసటి వర్షాకాలము దాటెనా, గొట్టములోని మసిని తుడిచిరా, ఆ పొయ్యి పెద్దకుండకు సరిపోయెనా అను ప్రశ్నలకు అంతటి స్థానము లభింపలేదు. ఒరిస్సాలో రీమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు జరిపి 2012లో ప్రకటించిన పరిశోధన ఈ విషయమును నిష్కర్షగా తేల్చినది. మెఱుగైన పొయ్యి వచ్చిన మొదటి సంవత్సరము పొగ పీల్చుట కొంత తగ్గెను. తరువాత ఆ లాభము నశించెను. పొయ్యిలు మరమ్మతు లేక పాడైనవి, వాడుకయు తగ్గిపోయినది.

దీనికి స్త్రీల అజ్ఞానమును కారణముగా చెప్పుట సులభము. కాని అది న్యాయము కాదు. మట్టిపొయ్యిని ప్రతిదినము అలికి, పగిలినచోట పూసి, తన చేతికొలతతో సరిచేసికొనునది ఆమెయే. ఆమె కొలతకు లోబడని పొయ్యిని ఆమె సరిచేయలేదు. కోడిపొయ్యిని కనిపెట్టినవారి సంతతికి సాంకేతికబుద్ధి లేదనుట చెల్లదు. వారిని అడిగి చేసిన పొయ్యిలు తక్కువ యనుటయే సరియైన మాట.

8. మూలమును తొలగించుట

పెట్టెన్‌కోఫర్ చెప్పిన ప్రకారము కుప్పను తొలగించు పద్ధతి, అనగా ఇంధనమునే మార్చుట, తెలుగునేలపై పెద్దయెత్తున 1999లో నారంభమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ సంవత్సరము దీపము పథకముద్వారా స్వయంసహాయక సంఘములలోని పేదస్త్రీలకు వంటగ్యాసు కనెక్షనుల నిప్పించెను. 2016 మే 1న ఉత్తరప్రదేశములోని బలియాలో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకము ప్రారంభమై, 2019 సెప్టెంబరునకు 8 కోట్ల కనెక్షనులను చేరెను. జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము శుభ్రమైన ఇంధనముతో వండు గృహములు దేశమున 2015–16లో నూటికి సుమారు 44 కాగా, 2019–21లో సుమారు 59. ఆ రెండవ పరిశీలనలో ఆంధ్రప్రదేశమున సుమారు 84, తెలంగాణమున సుమారు 92.

ఈ యంకెలు సంతోషము కలిగించునవే. కాని ఇవి ప్రధానముగా వాడు ఇంధనమును తెలుపునవి. గ్యాసుపొయ్యి ఇంటిలో నుండగా పెరటిలో కట్టెపొయ్యి మండుచుండుట, స్నానపు నీళ్లకో పశువుల కుడితికో పిడకలు రాజవేయుట అందు కనబడవు. కనెక్షను ఒక్కమాఱు లభించును. సిలిండరు మాటిమాటికి కొనవలెను. పొయ్యిలను లెక్కించి వాడుకను లెక్కింపని వెనుకటి లోపము ఇచ్చట కనెక్షనుల రూపమున పునరావృతమైనది. 2024లో ఆంధ్రప్రదేశమున సంవత్సరమునకు మూడు సిలిండర్లు ఉచితముగా నిచ్చు దీపము–2 పథకమును, తెలంగాణమున 500 రూపాయలకు సిలిండరు నిచ్చు పథకమును ఏర్పడుటకు ఈ లోపము గుర్తింపబడుటయే కారణమని చెప్పవచ్చును. కొట్టమునుండి ఎరువుదిబ్బ వఱకు పిడక ఉచితము. కట్టె ఏఱుకొన్న స్త్రీ శ్రమకు ఇంటిలెక్కలో వెల లేదు. వెల లేని శ్రమతో వచ్చు ఇంధనమునకు వెల గల ఇంధనము పోటీపడవలసియున్నది. సిలిండరు కొనుటకు నిర్ణయించువారును, పొగ పీల్చువారును ఒక్కరు కాని యింట ఆ పోటీ మఱింత కష్టము.

9. ఉపసంహారము

కట్టెపొయ్యి తొలగిన యిండ్లలోను ప్రశ్న ముగియలేదు. తలుపులు మూసి చల్లనియంత్రము నడుపు గదిలో దోమలచుట్ట వెలిగించుట నేటి యాచారము. ఒక్క చుట్ట కాలినప్పుడు వెలువడు సూక్ష్మధూళి 75 మొదలు 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తేల్చినది. పూర్వము వేపాకుపొగ తెఱపిగల వాకిట వేయబడెడిది. నేటి పొగ మూసిన గదిలో రాత్రియంతయు నిలుచును. సాంబ్రాణియైనను తలుపులు తెఱచి, పసిబిడ్డకు దూరముగా వేయుట మేలు. కుంపటి మూసిన గదిలో ఎన్నడును తగదు. నూనె మఱుగు వంటవేళ కిటికీ తెఱచియుంచుట గ్యాసు వంటయింటికిని అవసరమే.

పై చర్చవలన మూడు సంగతులు తేలుచున్నవి. పొగ హానికరమని మనవారెఱుగనిది ఎన్నడును లేదు. ఆ యెఱుక వండువారి పక్షమున ప్రయోగింపబడకపోవుటయే చరిత్ర. ఇంటిగాలి ఇంటివారందఱికి సమానము కాదు. కొలత వ్యక్తిని అనుసరించినప్పుడే ఈ సత్యము వెల్లడి యగును. పరికరమును గాక వాడుకను, వాడుకతోపాటు వాడువారి యభిప్రాయమును లెక్కించిన యత్నములే నిలువగలవు. 1953లో హైదరాబాదునుండి వెలువడిన చిన్నగ్రంథము ఈ మూడవ సంగతిని ముందే సూచించినది.

పరిశోధకవిద్యార్థులు చేయదగిన పని యొకటి మిగిలియున్నది. ఊదుగొట్టమును, కోడిపొయ్యిని, పొగగూడును చేతితో ఎఱిగిన స్త్రీలు ఇంకను మన గ్రామములలో నున్నారు. వారి నోట నున్న వంటయింటి పదజాలమును, ఏ కట్టె ఎట్లు మండునో, ఏ పొయ్యి ఎందులకు విడిచిరో చెప్పు వారి మాటలను జిల్లాలవారీగా సేకరింపవలెను. నిఘంటువులలో నర్థము మాత్రమే కలదు. అనుభవము వారి కడనే కలదు. మహానసము ఇంతకాలము ఇతరుల వాదమునకు దృష్టాంతముగా నుండినది. అందు వండినవారి సాక్ష్యమును గ్రహించుట ఇకనైనను జరుగవలసిన పని.